రెండు పెట్టెలు, నా కొత్త పంచె

1948 మే నెలలో నేను కృష్ణా జిల్లాలో ఒక తాలూకా ఆఫీసులో యాక్టింగ్ రెవెన్యూ ఇన్‌స్పెక్టరుగా ఉన్నాను. యాక్టింగ్ అంటే పని మొత్తం మనదే, కుర్చీ మాత్రం ఇంకా మనది కాదు. ఏ రోజైనా లేపి మళ్లీ గుమాస్తా బల్ల దగ్గర కూర్చోబెట్టవచ్చు. అప్పటికి నాకు పెళ్లయి ఆరు నెలలు. మా మామగారు బంధువులందరికీ అల్లుడు ఇన్‌స్పెక్టరని చెప్పుకున్నారు. ‘యాక్టింగ్’ అనే ముక్క ఆయన నోట ఒక్కసారి కూడా రాలేదు. ఆయన మాట నిలబెట్టే బాధ్యత నా మీద పడింది. అటువంటి రోజుల్లో తహశీల్దారు గారు పిలిచి, ఫలానా నేతగాళ్ల ఊళ్లో పంచాయతీ బోర్డుకు ఒక స్థానం ఖాళీ అయిందనీ, ఉప ఎన్నికకు నన్ను పోలింగ్ ఆఫీసరుగా వేశామనీ చెప్పారు.

ఊరి పేరు రాయను. మా ఇంట్లో శుభకార్యాలకు చీరలు ఇప్పటికీ ఆ ఊరినుంచే వస్తాయి. ఇది చదివితే ధర పెంచుతారని నా భయం. బెజవాడ నుంచి బందరు కాలువ వెంట బొగ్గు బస్సులో రెండు గంటలు కూర్చుని, దిగాక కాలువ గట్టు మీద మరో అరగంట నడిస్తే ఆ ఊరు వస్తుంది. బస్సు బొగ్గుతో నడిచేది కాబట్టి తెల్లచొక్కాతో ఎక్కినవాడు బూడిదరంగు చొక్కాతో దిగేవాడు. రంగులు ఎలా మారతాయో నాకు మొదటి పాఠం ఆ బస్సే చెప్పింది గానీ నేను శ్రద్ధగా వినలేదు.

ఆ ఊళ్లో అంతకు ముందు ఎన్నిక అంటే చేతులెత్తడమే. ముందుసారి అది వీరభద్రయ్య గారి అరుగు ముందు జరిగింది. వీరభద్రయ్య గారు నూలు వ్యాపారి. నూలు కంట్రోలులో ఉన్న కాలం అది. లైసెన్సు ఆయన దగ్గర ఉంది, మగ్గాలు ఊరివాళ్ల దగ్గర ఉన్నాయి. సోమవారం సోమవారం ఆయన నూలు చిలపలు, అంటే దారపు కట్టలు, ఇస్తేనే వారమంతా మగ్గం ఆడుతుంది. అటువంటి మనిషి అరుగు మీద కూర్చుని చూస్తూ ఉండగా, ఆయన నిలబెట్టిన మనిషికి పోటీగా నిలబడ్డ వాడికి చేతులెత్తండి అంటే ఎన్ని చేతులు లేస్తాయి? ఒకే ఒక్క చెయ్యి లేచింది. అది సుబ్బన్న అనే నేతగాడిది. ఆ తర్వాత రెండు నెలలు అతనికి నూలు లేదు. “మా మగ్గం గుంటలో కోడి పొదిగి పిల్లల్ని కూడా లేపిందండీ” అని అతనే నాతో చెప్పాడు. నవ్వుతూనే చెప్పాడు. పక్కన కూర్చున్న అతని తల్లి నాంచారమ్మ మాత్రం నవ్వలేదు. ఆవిడ ఊరికంతటికీ నూలుకు రంగులు అద్దేది. కొడుక్కి మళ్లీ నూలు ఇప్పించడానికి ఆవిడ వీరభద్రయ్య గారి అరుగు ఎన్నిసార్లు ఎక్కి దిగిందో ఆవిడకే తెలుసు.

ఈసారి పద్ధతి మారింది. చేతులెత్తడం పోయి రహస్య ఓటు వచ్చింది. అందరికీ కాదు, ఇంటిపన్ను కట్టేవాళ్లకే. అభ్యర్థులు ఇద్దరు. ఒకరు వీరభద్రయ్య గారే. రెండోవాడు కొత్తగా పెట్టిన నేతగాళ్ల సంఘం తరఫున కోటయ్య. సంఘానికి కూడా నూలు తెప్పిస్తానని అతని వాగ్దానం. చదువు రానివాళ్లు ఎక్కువ కాబట్టి ఒక్కో అభ్యర్థికి ఒక్కో రంగు పెట్టె. వీరభద్రయ్య గారిది పచ్చ, కోటయ్యది నీలం. ఓటరు మా దగ్గర చీటీ తీసుకుని, తెర వెనక్కి వెళ్లి, తనకు నచ్చిన రంగు పెట్టెలో వేసి రావాలి. అంతే. ఇప్పుడు మీటలు నొక్కే యంత్రాలు వస్తున్నాయంటున్నారు. ఆ రోజుల్లో మా యంత్రం అంటే రెండు రేకు పెట్టెలూ లక్క సీలూ.

పోలింగుకు మూడు రోజుల ముందు వెళ్లి ఊరివాళ్లకు పద్ధతి వివరించాను. చీటీ మీద అంకె ఉంటుందట గదా, ఆ అంకె పట్టుకుని ఎవరు ఎవరికి వేశారో తెలుసుకుంటారట గదా అని అప్పటికే పుకారు లేచింది. ఎవరు లేపారో నేను అడగలేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు వీరభద్రయ్య గారే ముందుకొచ్చి, “నేనేమీ అనలేదండీ ఇనస్పెక్టరు గారూ” అన్నారు. అంకె చీటీలు సరిచూసుకోవడానికే తప్ప మనుషుల్ని పట్టుకోవడానికి కాదని నేను గంటసేపు చెప్పాను. చివర్లో సుబ్బన్న లేచాడు.

“అయితే మేం ఏసింది ఆయనకి తెలవదాండీ?”

తెలియదన్నాను.

“మీకో?”

నాకూ తెలియదన్నాను.

“మీకే తెలవకపోతే ఎవరు గెలిచారో ఎట్టా చెబుతారండీ?” అన్నాడు. ఊరంతా నవ్వింది. నేను కూడా నవ్వాను గానీ, అతను ఎందుకు అడుగుతున్నాడో నాకు అర్థమైంది. ఈసారి నూలు ఆగితే మగ్గం అమ్ముకుని బెజవాడలో కూలికి పోవలసిందేనని కోటయ్య నాతో విడిగా చెప్పాడు. “నీ ఓటు ఎవరి కంటా పడదు, నాది పూచీ” అని అంతమందిలో నేను సుబ్బన్నకు మాట ఇచ్చాను. యాక్టింగ్ ఇన్‌స్పెక్టర్లు మాటలు ధారాళంగా ఇస్తారు.

ఇచ్చిన మాట కోసం నేను చేసిన ఏర్పాట్లు కొంచెం చెప్పాలి. పోలింగు మిషన్ బడిలో. బడికి ఒక హాలు, దాని పక్కన పలకలూ మ్యాపులూ పెట్టే చిన్న గది. ఆ గదే ఓటు గది. ఓటరు చీటీ వేయడం ఎవరి కంటా పడరాదని మాకు ఇచ్చిన సూచనల పుస్తకంలో ఉంది. గదికి ఉన్న ఒకే ఒక్క కిటికీ వీధి వైపు తెరుచుకుంటుంది. వీధికి అవతల, అభ్యర్థులు దాటి రాకూడదని మేం గీసిన సున్నం గీతకు ఆవల, వీరభద్రయ్య గారు తాటాకు పందిరి వేయించుకుని పడక కుర్చీ కూడా తెప్పించుకున్నారు. అందుకని కిటికీకి దగ్గరుండి చెక్కలు కొట్టించాను. సందుల్లో గోనెగుడ్డ కుక్కించాను. గుమ్మానికి రెండు గోనెపట్టాలు కలిపి తెర కట్టించాను. లోపల బల్ల మీద రెండు పెట్టెలూ, పక్కన ఒక లాంతరూ పెట్టించాను. బడి పంతులమ్మ ఎస్తేరమ్మ గారిని ఆడవాళ్ల వరసకు పోలింగ్ గుమాస్తాగా వేశారు. ఆవిడ లోపలికి తొంగి చూసి, “చాలా చీకటిగా ఉందండీ” అన్నారు. అది మెచ్చుకోలు అనుకున్నాను.

నాకు తెలియని సంగతి ఇంకొకటి ఉంది. నేతగాళ్లు రంగు పేరు చెబితే నమ్మరు. నీలం అంటే ఏ నీలం? పచ్చ అంటే చిలకపచ్చా, ఆకుపచ్చా, పాచిపచ్చా? వాళ్లకు మచ్చు కావాలి, అంటే ఆ రంగు అద్దిన దారప్పోగు. అభ్యర్థులిద్దరూ ఆ ఊరివాళ్లే కాబట్టి ఇంటింటికీ తమ రంగు మచ్చు పంపారు. రెండు రంగులూ అద్దింది నాంచారమ్మే. కాబట్టి పోలింగు రోజు పొద్దున ప్రతి ఓటరూ రొంటిన రెండు దారప్పోగులు పెట్టుకుని వచ్చాడు. పెట్టెలకు రంగు వేసినాయన మాత్రం బెజవాడలో ఒంటెద్దు బండ్లకు రంగులేసే మనిషి. ఆయన నీలంలో కాస్త పచ్చ కలిసింది, పచ్చలో కాస్త నీలం కలిసింది. ఆయన దృష్టిలో రెండూ వేరు వేరు రంగులే. నా దృష్టిలోనూ అంతే.

పొద్దున ఎనిమిదింటికి రెండు పెట్టెలూ తెరిచి, బోర్లించి, ఖాళీవని ఇద్దరు ఏజెంట్లకూ చూపించి తాళాలు వేసి లక్క సీలు కొట్టాను. ఏజెంటంటే అభ్యర్థి తరఫున లోపల కూర్చుని అన్యాయం జరగకుండా చూసే మనిషి. వరసలో మొదటివాడు సుబ్బన్న. పేరు పిలిచాం, జాబితాలో గుర్తు పెట్టాం, వెనకవైపు గుర్తు ముద్ర వేసిన చీటీ ఇచ్చాం. తెర ఎత్తుకుని లోపలికి వెళ్లాడు. ఎంతసేపటికీ రాలేదు.

తర్వాత తెర కదిలింది. సుబ్బన్న బయటికి వచ్చాడు. చంకలో నీలం పెట్టె ఉంది.

అతను నా వైపు చూడలేదు. ఏజెంట్ల వైపూ చూడలేదు. తిన్నగా హాలు దాటి, వాకిట్లోకి నడిచి, ఎండలో నిలబడి, పెట్టెను ఒక మోకాలి మీద ఆనించి, రొంటిలోంచి దారప్పోగు తీసి పెట్టె మీద పెట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు. తల ఊపాడు. మళ్లీ పెట్టెతో సహా లోపలికి వెళ్లిపోయాడు. ఇదంతా నేను కుర్చీలోంచి లేచే లోపే జరిగిపోయింది. సూచనల పుస్తకంలో ఓటరు పెట్టెను షికారుకు తీసుకెళ్తే ఏం చేయాలో రాయలేదు. వీధికి అవతల వీరభద్రయ్య గారు పడక కుర్చీలోంచి పూర్తిగా లేచి నిలబడ్డారు.

ఆడవాళ్ల వరసలోంచి నాంచారమ్మ గొంతు వినిపించింది. “ఓరి నీ చేతులు పడిపోనూ! నీ కొంప నువ్వే ముంచుకున్నావు గదరా!”

సుబ్బన్న చీటీ వేసి బయటికొచ్చాక గానీ తను చేసిందేమిటో అతనికి తట్టలేదు. మొహం పాలిపోయింది. తప్పు అతనిది కాదు. పుట్టిన దగ్గరనుంచీ రంగు చూడాలంటే చిలప పట్టుకుని వాకిట్లోకి నడవడమే అతనికి తెలుసు. నూలు కొట్టులో చూసి రంగు ఒప్పుకున్న నేతగాడు ఆ ఊళ్లో లేడు. ఎవరి కంటా పడదని నేను పూచీ పడ్డ మొదటి ఓటు ఊరందరి కళ్లముందూ ఎండలో నిలబడి వచ్చింది.

అప్పుడు నేను చేసిన పని ఇంకా గొప్పది. రెండు పెట్టెలనూ మోకుతో బల్లకు కట్టించాను. ఇక కదలవు. ఓటర్లు కూడా కదలలేదు. లోపలికి వెళ్లడం, లాంతరు ముందు దారప్పోగులు పట్టుకుని నిలబడడం, చీటీతో తిరిగి రావడం. చీటీ బయటికి తీసుకుపోవడానికి వీల్లేదు, వేయనంటే బలవంతంగా వేయించడానికీ వీల్లేదు. తొమ్మిదిన్నరకు బడి వరండాలో చీటీలు చేత పట్టుకుని ఇరవైమందికి పైగా బారులు తీరి కూర్చున్నారు, తద్దినం భోజనానికి పిలుపు రానట్టు. ఎందుకు వేయరయ్యా అని అడిగితే ఒక పెద్దాయన నిదానంగా చెప్పాడు. “దీపం కాడ రెండూ నెమలికంఠమే బాబూ. చీకట్లో ఏసి, రేపు ఎవరికేశామో మాకే తెలవకపోతే అది ఓటెట్టా అవుద్ది?” ఎవరికీ తెలియకూడదన్న నా ఏర్పాటు అంత బ్రహ్మాండంగా పనిచేసిందన్నమాట.

ఏజెంట్లిద్దరూ ఆ రోజు మొదటిసారి ఒక మాట మీద నిలబడ్డారు. ఎన్నిక ఆపి మళ్లీ పెట్టించాలని ఇద్దరూ అర్జీ రాయడం మొదలుపెట్టారు. మళ్లీ ఎన్నిక అంటే నా సంజాయిషీ, సంజాయిషీ అంటే గుమాస్తా బల్ల. కిటికీ తెరిస్తే వీరభద్రయ్య గారు, మూస్తే చీకటి. ముందు నుయ్యి వెనక గొయ్యి. పుస్తకం తిరగేశాను. లక్క ఎంత వేడి చేయాలో ఉంది గానీ వెలుతురు సంగతి లేదు.

ఎస్తేరమ్మ గారు వచ్చి మెల్లిగా అన్నారు. “ఏమండీ, ఆ గదికి ఈశాన్యం మూల రెండు పెంకులు ఎట్టాగూ కదిలే ఉన్నాయి. ఏటా వానకి మా పలకలన్నీ అక్కడే తడుస్తాయి. తీసేస్తే వెలుతురు సరిగ్గా బల్ల మీదే పడుద్దండీ.” బడి ఆస్తి పగలగొట్టే అధికారం నాకు లేదు. అయినా నిచ్చెన తెప్పించాను. పెంకులు తీయగానే గదిలో పొయ్యి ముట్టించినంత వెలుగు పడింది.

వీరభద్రయ్య గారి ఏజెంటుకు వెంటనే అనుమానం వచ్చింది. కప్పుమీదికి ఎవరైనా ఎక్కి తొంగి చూస్తేనో? కప్పుమీద ఒక మనిషిని కాపలా పెట్టాలన్నాడు. ఆ మనిషే తొంగి చూస్తే ఎట్టా అన్నాడు కోటయ్య ఏజెంటు. అయితే ఇద్దర్ని పెట్టండి, ఒకణ్ణొకడు చూసుకుంటారు అన్నాడు మొదటివాడు. అంతమంది ఎక్కితే పెంకులు కాదు, కప్పే ఊడి వస్తుందని ఎస్తేరమ్మ గారు చెప్పారు. కంతకు గుడ్డ కడదామన్నాను. ఆ మాట వీధి దాటి వెళ్లిందో లేదో, అయిదు నిమిషాల్లో వీరభద్రయ్య గారి మనిషి ఒక గుడ్డ పట్టుకొచ్చాడు. “అయ్యగారు ధర్మానికి ఇచ్చారండీ” అన్నాడు. మంచి నాణ్యమైన గుడ్డ. చిలకపచ్చ రంగు.

నాకేం అభ్యంతరం కనిపించలేదు, చెప్పొద్దూ. కప్పుమీదికి అందించబోతున్నాను. వరసలోంచి నాంచారమ్మ నడిచి వచ్చి నా చేతిలోంచి గుడ్డ లాగేసుకుంది.

“బాబూ, చదువుకున్నావు గదా. పచ్చగుడ్డ కింద ఏదన్నా పచ్చగానే కనపడుద్ది. రెండూ ఆయన పెట్టెలే అయిపోతాయి. తెల్లగుడ్డ కావాల. అదీ కొత్తది, గంజి పెట్టనిది. ఎలుగు వడకట్టాల గానీ రంగు అంటకూడదు.”

వీరభద్రయ్య గారు ఆ గుడ్డ తెలిసి పంపారో, ధర్మబుద్ధితో పంపారో నేను చెప్పలేను. నలభై ఏళ్లుగా నూలు రంగులు అమ్మిన మనిషి అంత అమాయకుడని రాస్తే ఆయనకే అవమానం. తెల్లగుడ్డ కోసం ఎవరిని అడిగినా పేచీయే. కోటయ్య పక్షం వాళ్లు ఇస్తే వీళ్లు ఒప్పుకోరు, వీళ్లు ఇస్తే వాళ్లు ఒప్పుకోరు. ఊరంతా బట్ట నేసే ఊళ్లో ఒక గజం గుడ్డ దొరకలేదు. చివరికి నా సంచిలో ఉన్న కొత్త పంచె తీశాను. మామగారు పెట్టింది. సాయంత్రం తహశీల్దారు గారి ముందుకు కట్టుకు వెళ్దామని మడత విప్పకుండా దాచుకున్నది. నాంచారమ్మ దాన్ని ఎండకు ఎత్తి పట్టి, నేత చూసి, “మన ఊరి సరుకు కాదు. అయినా పర్లేదు” అంది.

పంచె కప్పుకు కట్టడానికి మనుషులు ఎక్కుతుండగా ఆవిడ నా పక్కన నిలబడి గొంతు తగ్గించింది. “మావోడిది ఎట్టాగూ పోయింది బాబూ. మిగిలినోళ్లవన్నా కాపాడు.” పుస్తకం చంకన పెట్టుకుని తల ఊపాను. సిగ్గేసింది.

పది దాటాక మళ్లీ పోలింగు మొదలైంది. ఓటర్లు లోపలికి వెళ్లారు, పంచె కింద దారప్పోగు పెట్టి చూసుకున్నారు, వేసి వచ్చారు. ఒక్కరు కూడా పెట్టె జోలికి పోలేదు. నాంచారమ్మ ఇల్లు వేరు, అది ఆవిడ పేరునే ఉంది కాబట్టి ఆవిడకూ ఓటు ఉంది. వేసి వచ్చి, “ఆ పెట్టెకి నీలం పూసినోడెవడో ఆడికి నా కాడ ఆర్నెల్లు పని నేర్పాల” అని తీర్పు చెప్పి వెళ్లింది.

మూడు గంటలకు తహశీల్దారు గారు తనిఖీకి వచ్చారు. ముందు ఆయనకు కనిపించింది బడి కప్పు మీద ఎగురుతున్న పంచె.

“ఏమయ్యా, ఇది పోలింగా, చాకిరేవా?” అన్నారు.

జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన ఓటు గదిలోకి వెళ్లి తెర వేసుకున్నారు. ఒక నిమిషం తర్వాత తెర తొలగించి తల బయట పెట్టి, నాకు మాత్రమే వినపడేలా, “ఇందులో ఏదయ్యా పచ్చ?” అని అడిగారు. ఎడమ చేతిది అని చెప్పాను. గంభీరంగా బయటికొచ్చి అంతా సక్రమంగా ఉందన్నారు. తర్వాత నా డైరీ తెప్పించుకుని చూశారు. పోలింగ్ ఆఫీసరు గంట గంటకూ జరిగింది రాసే పుస్తకం అది. పెంకులు తీయించినట్టూ, నాంచారమ్మ సలహా మీద తెల్లగుడ్డ కట్టించినట్టూ రాశాను. ఆవిడ పేరు దగ్గర వేలు పెట్టి, “ఎందుకు చేశావో రాయి. ఎవరు చెబితే చేశావో రాయకు. ఈ డైరీ ఎవరెవరు చదువుతారో నీకు తెలుసా?” అన్నారు. కొట్టేసి తిరగరాశాను. వెలుతురు లేక ఇబ్బంది కలిగినందున పోలింగ్ ఆఫీసరు స్వయంగా ఆలోచించి చేశాడని ఆ డైరీలో ఇప్పటికీ ఉండాలి. నా సర్వీసులో నేను రాసిన అబద్ధాల్లో నాకు పశ్చాత్తాపం లేనిది అదొక్కటే.

మర్నాడు తాలూకా ఆఫీసులో పెట్టెలు తెరిచాం. పదకొండు ఓట్ల తేడాతో కోటయ్య గెలిచాడు. వీరభద్రయ్య గారు లేచారు. కండువా దులుపుకుని, “సోమవారం చూద్దాం” అని మాత్రం అన్నారు. అక్కడున్న అందరికీ ఆ మాట అర్థమైంది.

సోమవారం నేను మళ్లీ ఆ ఊరు వెళ్లాను. బడి పెంకులు తిరిగి వేయించడానికని ఆఫీసులో చెప్పాను. రెండు పెంకులకు ఇన్‌స్పెక్టరు స్వయంగా వెళ్లాలా అని హెడ్ గుమాస్తా అడిగాడు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని అనలేదు గానీ అనాలనిపించింది. నిజానికి నేను వెళ్లింది సుబ్బన్న కోసం. నేను చేసేదేమీ లేదు. వీరభద్రయ్య గారు తన నూలు ఒకడికి ఇవ్వనంటే ఇవ్వమనే అధికారం పోలింగ్ ఆఫీసరుకు లేదు. అయినా ఇంట్లో కూర్చోలేకపోయాను.

వీరభద్రయ్య గారి అరుగు ముందు మగ్గాలవాళ్లు వరసగా నిలబడి ఉన్నారు. ఆయన ఒక్కొక్కణ్ణీ పైనుంచి కింది దాకా చూసి ఒకే ప్రశ్న అడుగుతున్నారు. “నువ్వెవరికేశావురా?”

మొదటివాడు, “తమకేనండీ” అన్నాడు. రెండోవాడు కూడా తమకేనండీ అన్నాడు. మూడోవాడు వెంకటేశ్వరస్వామి మీద ఒట్టు పెట్టబోతే వీరభద్రయ్య గారే వద్దన్నారు. వరస నడుస్తున్న కొద్దీ ఆయన మొహం చిత్రంగా మారింది. ఊరంతా ఆయనకే వేసింది. అందరూ వేసినా ఆయన ఓడిపోయారు. ఎవరు అబద్ధం చెబుతున్నారో తేల్చడానికి ఆయన దగ్గర ఏమీ లేదు. చేతులెత్తిన రోజున కళ్లతో చూసుకున్నారు. ఈసారి చూడటానికి ఏమీ మిగల్లేదు. ఒక్కటి తప్ప.

సుబ్బన్న వంతు వచ్చింది. వీరభద్రయ్య గారు చేతిలో చిలప కింద పెట్టారు.

“నిన్ను అడగక్కర్లేదురా. నీలం పెట్టె చంకనేసుకుని వాకిట్లోకి తెచ్చావు. నా కళ్లారా చూశాను.”

నేను వీధిలో నిలబడ్డాను. నాంచారమ్మ నాకు కొంచెం అవతల, కొంగు నోట్లో పెట్టుకుని నిలబడి ఉంది. సుబ్బన్న నా వైపు ఒకసారి చూశాడు. మళ్లీ ఆయన వైపు తిరిగాడు.

“తెచ్చానండీ. కాదనను. ఆ చీకట్లో రెండూ ఒకటే మాదిరి ఉన్నాయండీ. పొరపాటున తమరి ఓటు కోటయ్య పెట్టెలో పడుద్దేమోనని భయమేసింది. అది తమరిది కాదని రూఢి చేసుకుందామనే ఎండలోకి తెచ్చానండీ. కాదని తేలింది. లోపలికెళ్లి రెండోదాంట్లో ఏశా.”

ఎవరూ నవ్వలేదు. నవ్వితే నూలు పోతుంది. వీరభద్రయ్య గారు చాలాసేపు అతని మొహంలోకి చూశారు. అందులో ఏమీ దొరకలేదు. ఇతనికి ఆపితే, నిజంగా తనకు వేసినవాణ్ణి శిక్షించినట్టయితే? వరసలో మిగిలినవాళ్లందరూ ఆయన ఏం చేస్తారా అని చూస్తున్నారు. చివరికి చిలప తీసి సుబ్బన్న చేతుల్లో పెట్టారు. ఆ రోజు ఊళ్లో నూలు అందని మగ్గం లేదు. ఎవరికి ఆపాలో తెలియక ఆయన అందరికీ ఇచ్చేశారు.

బడికి వచ్చి పెంకులు వేయించాను. నా పంచె ఎస్తేరమ్మ గారు ఉతికి మడిచి ఉంచారు. నాలుగు మూలలా చిరుగులు. నెల తర్వాత రెండు ఉత్తర్వులు ఒకే టపాలో వచ్చాయి. ఒకటి నన్ను ఇన్‌స్పెక్టరుగా ఖాయం చేస్తూ. రెండోది, బడి యాజమాన్యం అనుమతి లేకుండా కప్పు పెంకులు తొలగించినందుకు సంజాయిషీ కోరుతూ. రెండింటి మీదా సంతకం ఒకరిదే.

ఆ తర్వాత ముప్పై ఏళ్ల సర్వీసులో చాలా ఎన్నికలు చేశాను. పెట్టెలు మారాయి, రంగుల బదులు గుర్తులు వచ్చాయి, చీటీ మీద ఓటరే ముద్ర కొట్టడం వచ్చింది. పద్ధతి మారినప్పుడల్లా నేను ముందు చూసింది ఒకటే, ఓటు గదిలో వెలుతురు ఎక్కణ్ణుంచి వస్తుందని. రహస్యమంటే చీకటి అని ఆ ఊరు వెళ్లేదాకా నేను అనుకున్నాను. చీకటి ఉండవలసింది వీధి అవతల పడక కుర్చీలో కూర్చున్న మనిషికి. లోపల నిలబడ్డవాడికి తన చెయ్యి ఏం చేస్తోందో స్పష్టంగా కనిపించాలి. అది కనిపించని రోజున ఎన్ని సీళ్లు వేసినా జనం నమ్మరు, నమ్మనక్కర్లేదు కూడా.

పోయిన ఏడాది సుబ్బన్న మనవరాలి పెళ్లి శుభలేఖ తీసుకుని భవానీపురంలో మా ఇంటికి వచ్చాడు. కాఫీ తాగుతుండగా మా ఆవిడ, ఆ రోజు నిజంగా ఏ పెట్టెలో వేశావని అతన్ని అడగబోయింది. నేను ఆపాను. నాకూ తెలియదని అతనికి నేను మాట ఇచ్చి ఉన్నాను.